పర్శరాములు వెన్నులో కడ్డీ

నేను ఒక కడ్డీని. కిటికీ కడ్డీననుకునేరు సుమా! టైటానియం కడ్డీని. చిటికెన వేలంత మందం కూడా లేకపోయినా, విరిగిన మనిషి వెన్నును పట్టి నిలబెట్టడానికి పుట్టినదాన్ని. కర్మాగారంలో నన్ను సానబట్టి, తళతళ మెరిపించి పెట్టెలో పెట్టారు. ఇంత సోకు చేసిన వస్తువును ఎవరి కంటా పడకుండా మాంసం కింద దాచిపెడతారని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మనుషుల తీరే అంత!

నా రాత పర్శరాములుతో ముడిపడి ఉంది. అతను తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే మోకు ఒక ఉదయం జారింది. కల్లు కుండతో సహా కింద పడ్డాడు. భార్య అండాలు గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఎవరైనా చేసే పనే చేసింది. చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు తాగించింది. తర్వాత అందరూ కలిసి అతణ్ణి ఆటోలో కుదేసి పట్నం ఆసుపత్రికి తెచ్చారు. నడుము విరిగినవాణ్ణి కదపకుండా చెక్క మీద పడుకోబెట్టి తేవాలని పాపం వాళ్ళకు చెప్పిందెవరు?

ఆపరేషన్ గదిలో నేను ట్రేలో ఉన్నాను. మత్తు ఇవ్వబోతుంటే పర్శరాములు డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఒక్క మాట. పడ్డంక గూడ నా కాళ్ళు ఆడినయి. మోకాలు ముడుసుకున్న. కూసోబెట్టినంకనే జివ్వుమన్నది, మల్ల కదల్లేదు. గిది మా అండాలుకు చెప్పకుండ్రి. తెలిస్తే అది బతుకది."

 "చెప్పను" అన్నాడు డాక్టరు.

బోర్లా పడుకోబెట్టి వీపు కోశారు. నుజ్జయిన వెన్నుపూసకు పైనా కిందా స్క్రూలు బిగించి, నన్నూ నా జోడీ కడ్డీనీ వాటిలో అమర్చారు. నరాలను నొక్కేస్తున్న ఎముక ముక్కను తీసేశారు. నా పని నేను చక్కగా చేశాను. ఎముక మళ్ళీ ఇంచు కూడా కదల్లేదు. నరాల్ని మాత్రం నేనేం చెయ్యగలను? నేను వెళ్ళేసరికే అవి నలిగిపోయాయి.

స్ట్రెచర్ మీద బయటికి తెస్తుంటే అండాలు ఎదురొచ్చింది.

"నేను లేపి కూసోబెట్టిన సారూ. దాంతోటేమన్న అయిందా?"

"లేదమ్మా. పడ్డప్పుడే దెబ్బ తగిలింది" అన్నాడు డాక్టరు.

పర్శరాములు మళ్ళీ లేచి నిలబడలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు "ఆ ఇనుము లోపల తుప్పు పట్టదా?" అని, "ఉరిమితే పిడుగు పడదా?" అని ఆరా తీసేవాళ్ళు. ఇనుమట! అండాలు మాత్రం ఏమీ అడిగేది కాదు. పుండ్లు పడకుండా అతణ్ణి అటూ ఇటూ ఒత్తిగిలబెట్టి వీపు తుడిచేది. నీళ్ళ చెంబు అందించేటప్పుడల్లా ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. అది చూసి అతను, ఎవరూ అడక్కుండానే, "పడుడు పడుడే పోయినయి నా కాళ్ళు" అనేవాడు. అసలు సంగతి మంచాన ఉన్నన్నేళ్ళూ కడుపులోనే దాచుకున్నాడు.

ఎంత చూసుకున్నా చివరికి పుండు పడనే పడింది. అది చీము పట్టి, జ్వరం ముదిరి పోయాడు. చితి మీద అతను బూడిదయ్యాడు. నేను కాలేదు. అందుకు గర్వపడదామన్నా మనసొప్పలేదు, ఏడుపే వచ్చింది.

నా జోడీ కడ్డీ ఏ బూడిదలో పడిందో గానీ, ఎముకలు ఏరడానికి వచ్చిన అండాలు చేతికి నేను దొరికాను. చెంబులో నీళ్ళు పోసి నా మసి కడిగింది. ఒళ్ళో పెట్టుకుని, మిగతావాళ్ళు దూరంగా ఉన్నారని చూసుకుని, మెల్లగా నాతో అంది.

"పడ్డంక ఆయన మోకాలు ముడుసుకునుడు నేను జూసిన. ఈ కండ్లతోటే జూసిన. నాకు తెల్వదనుకున్నడు. అట్లనుకుంటేనే ఆయనకు నిమ్మళమని నేను గూడ నోరిప్పలే."

కొంగుతో నన్ను తుడిచి, ముంతలో అతని ఎముకల పక్కనే పెట్టింది. ఆ ముంతను ఏట్లో కలిపారు. ఎముకలు ఎటో కొట్టుకుపోయాయి. నేను బరువుకు అడుగున ఇసుకలోనే ఉండిపోయాను. పట్టుకుని ఉండడానికి నాకిప్పుడు ఎవరూ లేరు.