గచ్చు కింద మట్టి

మేస్త్రికి కుడిచెయ్యి పడిపోయి పదకొండు నెలలైంది. కాలు కొంత తిరిగొచ్చింది, మాట ముప్పాతిక తిరిగొచ్చింది, చెయ్యి మాత్రం భుజానికి తగిలించిన ఖాళీ సంచిలా వేలాడుతూ ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ ఇళ్ళు కట్టిన మనిషి. ఇప్పుడు ఆయన చెవిన పడే మాట ఒక్కటే: కూర్చో.

నీళ్ళు తాగడానికి లేస్తే భార్య, "కూర్చోవయ్యా, నేను తెస్తాగా" అనేది. కూతురు ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "నాన్నా, కూర్చునే ఉన్నావు కదా?" వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కూడా కూర్చోబెట్టే వేళ్ళు సాగదీసేది. అందరికంటే గట్టిగా అన్నవాడు బావమరిది. బజారులో ఇనుప సామాన్ల దుకాణం ఉన్నవాడు, మంచి చెయ్యాలనుకుంటే ఎదుటివాణ్ణి అడిగే అలవాటు లేనివాడు. ఒక ఆదివారం వచ్చి శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"బావా, నీకు పని చూశాను. గోడౌన్ దగ్గర వాచ్‌మన్. కుర్చీ వేస్తారు, ఫ్యాన్ పెడతారు. కూర్చోవడమే పని."

"నేను కూర్చోను" అన్నాడు మేస్త్రి.

"మరేం చేస్తావు?"

మేస్త్రి కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. "కూరగాయలు వేస్తా."

బావమరిది పగలబడి నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఆ పెరట్లో పిడికెడు మట్టి లేదు. గోడ నుంచి గోడదాకా గచ్చే.

ఆ గచ్చుకి ఒక కథ ఉంది. మేస్త్రి భార్య ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో వాన పడితే చాలు, పెరటి బురద ఎవరి కాళ్ళకో అంటుకుని లోపలికి వచ్చి, తెల్లచొక్కాల గుడ్డ మీద ముద్రలు వేసేది. ఊరందరికీ నేలలు వేస్తావు, సొంత ఇంటికి వెయ్యవా అని ఆరేళ్ళు పోరింది. చివరికి ఒక వేసవిలో మేస్త్రి రెండు రోజులు పని మానుకుని, ఎవరి సాయం లేకుండా నాలుగంగుళాల కాంక్రీటు పోశాడు. పద్దెనిమిదేళ్ళలో దానికి వెంట్రుకంత బీట పడలేదు. ఆమె రోజూ పొద్దున్నే దాన్ని కడుగుతుంది. చుట్టాలొస్తే ముందు దాన్నే చూపిస్తుంది.

తమ్ముడు వెళ్ళిపోయాక ఆమె మొగుడి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పగలగొడతావా? నా గచ్చునా?"

"సగం. సగమే."

"అంగుళం కూడా ఇవ్వను."

మర్నాడు ఆమె మిషను తొక్కుతుంటే పెరట్లోంచి ఠంగుమని చప్పుడొచ్చింది. వెళ్ళి చూస్తే మేస్త్రి మోకాళ్ళ మీద కూలబడి, ఎడమచేత్తో చిన్న సుత్తి పట్టుకుని గచ్చును కొడుతున్నాడు. తెల్లటి చుక్క పడింది తప్ప ఇంకేమీ కాలేదు. ఆయన ఆయాసపడుతూ, "ఎవడు పోశాడ్రా దీన్ని, ఇంత గట్టిగా!" అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. నవ్వేశాక కోపం వచ్చింది. సుత్తి లాక్కుని బీరువా వెనక దాచింది. మర్నాడు ఆయన దాన్ని వెతికి పట్టుకున్నాడు. ఆమె బియ్యం డబ్బాలో దాచింది. అక్కడా దొరికింది. నాలుగు రోజులు ఇదే తంతు. మళ్ళీ పడిపోతే ఎవరు లేపుతారన్న భయం ఆమెకు లోపల ఉంది, కానీ పైకి గచ్చు గురించే పోట్లాడింది. అయిదో రోజు విసుగెత్తి తమ్ముడికి ఫోన్ చేసి, "నువ్వైనా కాస్త చెప్పరా మీ బావకి" అంది.

అదే పొరపాటైంది.

ఆమె కుట్టిన బట్టలు ఇవ్వడానికి బడికి వెళ్ళిన సమయంలో తమ్ముడు ఆటో తీసుకుని వచ్చాడు. మేస్త్రి పనిముట్ల సంచి మొత్తం అందులో పడేసుకుని వెళ్ళిపోయాడు. సమ్మెట, గునపం, ఉలులు, రసమట్టం, తాపీలు, ఒక్కటీ మిగల్లేదు.

ఆమె తిరిగొచ్చేసరికి మేస్త్రి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందరూ ఇన్నాళ్ళు కోరుకున్నట్టే బుద్ధిగా, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు చూస్తూ.

"ఏమైందయ్యా?"

"తీసుకెళ్ళాడు."

"ఏమని?"

"నీకెందుకు బావా ఇవన్నీ ఇంక, అన్నాడు."

ఆమె చేతిలోని గుడ్డల మూట కింద పెట్టలేదు, విసిరేసింది. వచ్చిన చెప్పులతోనే వెనక్కి తిరిగి బస్సెక్కింది.

దుకాణంలో పాత సామాన్ల వరసలో మొగుడి తాపీలు అప్పుడే మేకులకు వేలాడుతున్నాయి. వాటి పిడులు ఆమెకు తెలుసు. రెండింటికి గుడ్డ పేలిక చుట్టి కుట్టింది తనే.

"అక్కా, కూర్చో, టీ తెప్పిస్తా" అన్నాడు తమ్ముడు. "ఊరికే పడున్నాయి కదా. అమ్మితే వచ్చింది నీకే ఇద్దామని..."

"నిన్ను చెప్పమన్నాను. ఎత్తుకెళ్ళమన్లేదు."

"నువ్వే కదక్కా పగలగొట్టనివ్వద్దని ఏడ్చావు!"

"అది నా గచ్చు. నేను వద్దంటా. నా మొగుడితో నేను పోట్లాడతా, రేపు పొద్దున మళ్ళీ పోట్లాడతా. మధ్యలో నువ్వెవడివిరా ఆయన చేతిలోవి లాక్కోడానికి? ఆ చెయ్యి పడిపోయింది, మనిషి పడిపోలేదు."

సామాను కొనడానికొచ్చిన ఇద్దరు మేకుల పొట్లాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తమ్ముడు ఆటో పిలుస్తానన్నాడు. ఆమె వినిపించుకోలేదు. తాపీలు తనే దించుకుని, సంచి నెత్తిన పెట్టుకుని, సమ్మెటా గునపమూ భుజాన వేసుకుని నడిచింది. బస్సులో కండక్టరు ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, గోడ కూల్చడానికా?" అన్నాడు.

"గోడ కాదు, నేల" అంది ఆమె.

ఇంటికొచ్చి సంచిని మొగుడి కాళ్ళ దగ్గర దించింది. తర్వాత మిషను సొరుగులోంచి బట్టలకు గీతలు గీసే సుద్దముక్క తీసుకుని పెరట్లోకి వెళ్ళి, గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక గీత గీసింది.

"ఇటు నాది. బట్టలుతికే బండ వైపు రాకు. అటు ఏం చేసుకుంటావో చేసుకో. లే."

మేస్త్రి లేచాడు.

కానీ ఒక చేత్తో ఉలీ, సమ్మెటా ఎలా పడతాడు? ఒకరు ఉలి నిలబెట్టాలి, ఒకరు కొట్టాలి. ఆమె చేతికి పాతగుడ్డ నాలుగు మడతలు చుట్టుకుని, మురుగునీటి తూము దగ్గర గచ్చు అంచుకు ఉలి ఆనించి కూర్చుంది. ఆయన ఎడమచేత్తో సంచిలోని చిన్న సమ్మెట ఎత్తాడు. ఆ చెయ్యి ముప్పై ఏళ్ళు కుడిచేతికి ఇటుకలు అందించిన చెయ్యి, దెబ్బ వెయ్యడం ఎన్నడూ నేర్చుకోలేదు.

"వేళ్ళు పోతే నా మిషను ఎవరు కుడతారు?"

"ఉలినే చూడు. నన్ను చూడకు" అన్నాడు మేస్త్రి.

మొదటి దెబ్బ ఉలికి తగల్లేదు. ఆమె మణికట్టుకు నాలుగంగుళాల అవతల నేల మీద పడింది. మేస్త్రి మొహం పాలిపోయింది. సమ్మెట కింద పెట్టేశాడు.

"లేచి అవతలికి పోవే. నా వల్ల కాదు."

"ఇంత బరువు బస్సులో మోసుకొచ్చింది ఈ మాట వినడానికా? కొట్టు."

"తగిలితే?"

"తగిలితే అప్పుడు ఏడుద్దాం. కొట్టు!"

కొట్టాడు. ఈసారి ఉలి నెత్తిన పడింది. ఆమె భుజందాకా జల్లుమంది, అయినా చెయ్యి తియ్యలేదు. ఇరవై దెబ్బలు పడ్డాక తూము అంచు నుంచి సన్నటి బీట ఒకటి పాకింది. ఆమె దాన్ని వేలితో తడిమి చూసింది. మనసు కలుక్కుమన్నా, ఉలిని ఆ బీట మీదికి జరిపింది.

గీతకు అటువైపు గచ్చు పూర్తిగా లేవడానికి పందొమ్మిది రోజులు పట్టింది. మధ్యాహ్నం ఆమె కుట్టుపని ముగిశాక ఒక గంట, పొద్దుగూకే ముందు ఒక గంట. గచ్చు కింద కంకర, కంకర కింద బూడిదరంగు మట్టి, రాయిలా బిగుసుకుని ఉంది. ఒక్క వానపాము లేదు. మేస్త్రి చిటికెడు తీసి వాసన చూసి, "ఊపిరాడక చచ్చింది పాపం" అన్నాడు.

తవ్వడానికి ఆయనకు గునపం కుదిరింది. కుడి చంక కింద దాని పైకొస ఇరికించుకుని, ఒంటి బరువంతా వేసి దించేవాడు. అడుగు లోతు తవ్వి, ఇసుక జల్లెడలో మట్టి జల్లించి, కంకర వేరు చేశారు. పగిలిన గచ్చు పెళ్ళలను మడుల చుట్టూ గట్టుగా పేర్చారు. వీధి చివర కూరగాయల కొట్టాయన వాడిన ఆకులు బస్తాల్లో ఇచ్చాడు, పాలవాళ్ళ పాక నుంచి మాగిన ఎరువు వచ్చింది. అంతా కలిపి, తడిపి, తిరగేసి, నెల రోజులు మగ్గబెట్టారు.

మడి సిద్ధమయ్యాక మేస్త్రి దాని మీద రసమట్టం పెట్టి బుడగ వైపు చూస్తుంటే ఆమె తలబాదుకుంది.

"మొక్కలకి కూడా మట్టం చూస్తారా ఎవరైనా?"

"నీళ్ళన్నీ ఒక మూలకే పోతే ఇంకో మూలవి ఎండిపోవూ?"

దారం కట్టి, మూరకొకటి చొప్పున టమాటా నారు, వంగ నారు నాటారు. తాపీ గుచ్చి, మట్టి పక్కకు తొలిచి, మొక్క పెట్టి, తాపీ వెనకభాగంతో అదిమేవాడు. ఆ మణికట్టు విసురు చూసి ఆమె కాసేపు కుట్టుపని మర్చిపోయింది.

మూడు వారాలకు ఆకులు పసుపెక్కాయి. నాలుగో వారానికి టమాటా సగం, వంగ మొత్తం వాడి వేలబడ్డాయి. సరిగ్గా ఆ ఆదివారమే బావమరిది వచ్చాడు, దుకాణం గొడవ తర్వాత మొదటిసారి. మడి పక్కన నిలబడి తల ఆడించాడు.

"చెప్పానా బావా? ఇంత కష్టపడి ఏం లాభం?"

"సున్నం" అన్నాడు మేస్త్రి. "సిమెంటు సున్నం మట్టికి పట్టింది. నాది తప్పు, పైపొర తియ్యాల్సింది. తీసి మళ్ళీ వేస్తా."

"మళ్ళీ పోతే?"

"మళ్ళీ వేస్తా."

"ఎన్నిసార్లు వేస్తావు?"

భార్య ఎండిన వంగమొక్కను వేళ్ళతో సహా పీకి గోడవతల పారేసింది. "నువ్వు అడగడం మానేసేదాకా వేస్తాడు. ఉంటే ఉండు, ఆ ఎరువు బస్తా అవతల కొస పట్టుకో. లేదంటే మట్టి మీద నుంచి తప్పుకో."

బావమరిది ఒక క్షణం తటపటాయించి బస్తా పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా అంతా ఎరువైంది.

ఒకప్పుడు మేస్త్రితో కలిసి పనిచేసిన ఒకాయన ఎక్కడో పునాదులు తవ్విస్తుంటే, అడిగి ఒక ట్రక్కు మంచి మట్టి తెప్పించుకున్నారు. పాత పైపొర ఎత్తి పారబోశారు. రెండోసారి వేసినవాటిలో వంగ మళ్ళీ రాలేదు. అది ఎందుకు అలిగిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. టమాటా ఓ మోస్తరుగా కాసింది. బీన్స్, ముల్లంగి, మిరప మాత్రం విరగకాశాయి. మొదటిసారి బీన్స్ కోసిన రోజు ఆమె కూర వండితే, మేస్త్రి ఎడమచేత్తో గిన్నె దగ్గరికి లాక్కుని మారు అడిగాడు. కుడిచెయ్యి రాలేదు. ఇక రాదని డాక్టరు చెప్పేశాడు. మేస్త్రి, "సరే" అని ఊరుకున్నాడు.

వాటితోపాటే పెట్టిన గుమ్మడి పాదు మాత్రం మడిలో ఉండనంది. గోడ ఎక్కి, స్నానాలగది కప్పు మీదికి పాకి, అక్కడ ఎవరికీ అందకుండా ఒక పెద్ద కాయ కాసింది. ఒక ఉదయం ఆమె దాన్ని కోయించడానికి పక్కింటి అబ్బాయిని పిలుచుకొద్దామని వెళ్ళి, అతను ఇంట్లో లేక తిరిగొచ్చింది. వచ్చేసరికి మేస్త్రి నిచ్చెన నాలుగో మెట్టు మీద ఉన్నాడు.

"దిగు!"

"దిగను."

"నీ మొండితనం తగలెయ్యా, దిగవయ్యా!"

ఆమె పరుగెత్తి నిచ్చెన పట్టుకుంది. ఆయన మరో రెండు మెట్లు ఎక్కి, ఛాతీని కప్పు అంచుకు ఆనించి, ఎడమచెయ్యి వదిలి కాయ తొడిమ మెలితిప్పాడు.

"పడుతోంది, చూసుకో!"

"నిచ్చెన పట్టుకోనా, కాయ పట్టుకోనా?"

"నిచ్చెన!"

కాయ దొర్లి ముల్లంగి మడిలో ధబ్బుమని పడింది. పగల్లేదు, కానీ నాలుగు ముల్లంగి మొక్కలు నుజ్జయ్యాయి. మేస్త్రి ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె ఆపకుండా తిట్టింది. కింద కాలు పెట్టాక ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దైంది, మొహం వెలిగిపోతోంది.

ఆమె ఊపిరి పీల్చుకుని అడిగింది. "పైన ఇంకేమైనా ఉన్నాయా?"

"రెండు పిందెలు."

"అవి ముదిరాక నేనెక్కుతా."

"నీకు నిచ్చెన ఎక్కడం రాదు."

"నేర్పించు" అంది ఆమె, గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తుకుంటూ.