ఫైనా ఓపా పోసిన నిండు పియాలా

పారాచూట్ల ఫ్యాక్టరీలో చేరిన నాలుగు నెలల్లో నేను ఒక్క కుట్టు కూడా వేయలేదు. మిగతావాళ్లు కుట్టిన పట్టు ముక్కల మీద దారం కొసలు కత్తిరించడమే నా పని. నాకప్పుడు పదిహేనేళ్లు, కోపం ముక్కు మీదే ఉండేది. కుట్టుమిషన్ల వరుసకేసి చూస్తూ కత్తెర ఆడించేదాన్ని. మిషను దొరికితే రొట్టె కాస్త ఎక్కువ ఇస్తారు, నిజమే. కానీ రొట్టె కోసమే ఆశపడ్డానంటే అబద్ధం. నాన్న, చిన్నాన్న ఇద్దరూ యుద్ధంలో ఉన్నారు. నా చేత్తో చేసినది ఒక్కటైనా అటు వెళ్లాలని ఉండేది. అదీకాక ఆ మిషన్ల చప్పుడంటే నాకు చచ్చేంత ఇష్టం.

మా మీద అజమాయిషీ ఫైనాది. జర్మన్లు వచ్చిపడుతుంటే ఖార్కోవ్‌లోని ఫ్యాక్టరీని ఊడదీసి, రైలెక్కించి మా తాష్కెంట్‌కు తెచ్చారు. ఆ మిషన్లతోపాటు ఆవిడా దిగింది. వయసులో పెద్దది కాబట్టి మేమంతా ఓపా, అంటే అక్కా అని పిలిచేవాళ్లం. ఐదు నెలల్లో మా భాష నేర్చుకుంది. మాటలు మావే కానీ వాటిని పేర్చే తీరు మాత్రం ఆవిడ సొంతం.

మార్చిలో క్లావా అనే అమ్మాయి నర్సుగా సైన్యంలోకి వెళ్లడంతో ఒక మిషను ఖాళీ అయింది. నాకూ నా స్నేహితురాలు మస్తురాకూ పరీక్ష పెట్టింది ఫైనా ఓపా. పొడవాటి పట్టు ముక్కలు రెండింటిని కలిపి కుట్టాలి. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ వేద్దామంటే కుదరదు. సూది చిల్లు పట్టులో ఉండిపోతుంది, ఆ ముక్క ఇక పారాచూట్‌కు పనికిరాదు. ఊపిరి బిగపట్టి కుట్టాను. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

భోజనాల గంట కొట్టగానే నన్ను తన బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టింది. పిడి లేని చిన్న గిన్నెలాంటి పియాలాలో టీ పోసింది. అంచు దాకా పోసింది. ఒక చుక్క బల్ల మీదికి కూడా ఒలికింది.

నిండు పియాలా అంటే ఏమిటో మా వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. మనిషి ఉండాలనుకుంటే అడుగున రెండు గుక్కలు పోస్తాం, అవి అయిపోగానే మళ్లీ రెండు గుక్కలు. నిండా పోశామంటే, ఇది తాగి ఇక దయచేయమని. అదీ నవ్వుతూ పోసింది మహాతల్లి. నాకు ఒళ్లు మండిపోయింది.

"తాగు. వేడి ఉంది," అంది.

పట్టుకోవడానికి చోటు లేక వేళ్లు కాలాయి. అయినా చుక్క మిగల్చకుండా తాగాను. గుండెల మీద చెయ్యి పెట్టి తల వంచి, ఏప్రను తీసి మేకుకు తగిలించాను.

"ఎక్కడికే?" అంది మస్తురా.

"ఇంటికి. మిషను నీదే, సుఖంగా కుట్టుకో."

"పిచ్చా నీకు? ఆవిడేమంది?"

"ఏమీ అనలేదు. నిండా పోసింది."

మస్తురా దారి వదిలింది.

మా ఇల్లు రెండు సందుల అవతలే. నానమ్మ వాకిట్లో కూర్చుని ఎండు ఆప్రికాట్లు ఏరుతోంది. ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఏమిటని నాలుగు నెలలుగా సణుగుతున్న మనిషి కదా, సంబరపడుతుందనుకున్నాను.

"నీ కోరిక తీరిందిలే నానమ్మా. నన్ను తీసేశారు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నిండు పియాలా పోసిందావిడ."

నానమ్మ పళ్లెం కింద పెట్టింది. "ఎంత నిండా?"

"చుక్క ఒలికింది."

"మన పిల్లకా? మీ తాత ఉన్నన్నాళ్లూ ఈ ఊళ్లో ఒక్కడు పోశాడా మనకి నిండు పియాలా? పద."

"ఎక్కడికి? నువ్వేగా నన్ను వెళ్లొద్దంది."

"నేను వద్దంటాను, అది నా ఇష్టం. నిన్ను పొమ్మనడానికి ఆవిడెవరు?"

ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా తాత హమ్రోకుల్ అడ్డం నిలబడ్డాడు. "అక్కా, బయటివాళ్లని రానివ్వకూడదు."

"నీ పెళ్లానికి ఆరు పురుళ్లు పోసిందాన్ని, బయటిదాన్నా? జరుగు."

ఆయన జరిగాడు.

అప్పటికే పని గంట కొట్టి పది నిమిషాలయింది. ఫైనా ఓపా గుమ్మంలో గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

"ఎక్కడ పోయావ్ నువ్వు? పది నిమిషం. ఇంకో పది, నీకు కోర్టు." ఇరవై నిమిషాలు ఆలస్యమైతే కేసు పెట్టే యుద్ధకాలపు చట్టం అది. అంతలో ఆవిడకు నానమ్మ కనబడింది. గబగబా కుర్చీ తెచ్చి వేసి, పియాలా తీసి, మళ్లీ అంచు దాకా పోసి నానమ్మ చేతికిచ్చింది.

"చూశావా, నన్ను కూడా పొమ్మంటోంది," అంది నానమ్మ.

మిషన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. మస్తురా చున్నీ నోట్లో కుక్కుకుంది. ఇక నేనే అడిగాను.

"ఓపా, మమ్మల్ని ఎందుకు వెళ్లిపొమ్మంటున్నారు?"

"నేనా? ఎప్పుడు?"

"నిండా పోస్తే పొమ్మనేగా."

ఆవిడ పియాలా వంక చూసింది, మా వంక చూసింది. స్టూలు మీద కూలబడింది.

"మూడు వారం రైలు," అంది. "స్టేషన్‌లో వేడి నీళ్లు. నాకు ఇంత, మా అమ్మకి ఇంత." వేలితో చూపించింది. "నేను అనుకున్నా, ఒక రోజు నా దగ్గర టీ ఉంటుంది. అప్పుడు మంచి మనిషికి నిండా పోస్తా. ఈ పిల్ల మంచిగా కుట్టింది. మిషను ఈ పిల్లది. అందుకే పోశా."

బల్ల మీది మిగతా పియాలాల వైపు చెయ్యి చూపింది.

"మరి మీరు అందరూ నాకు కొంచెం కొంచెం పోశారు. ఐదు నెలలు. నేను అనుకున్నా, మీకు నేను అక్కర్లేని మనిషి."

సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆవిడకు ఎన్నిసార్లు మర్యాదగా రెండేసి గుక్కలు పోశానో. ప్రతిసారీ ఆవిడ దాన్ని వేరేలా అర్థం చేసుకుని తాగిందన్నమాట.

నానమ్మ ఆ నిండు పియాలా ఎత్తి ఆపకుండా తాగింది. తాగి, లేవలేదు.

"మీ అమ్మ ఎక్కడుందమ్మా?"

"దారిలోనే," అంది ఫైనా ఓపా.

నానమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "డ్యూటీ దిగాక మా ఇంటికి రా. కొంచెమే పోస్తాను. తాగేస్తే మళ్లీ కొంచెం పోస్తాను. నువ్వు చాలనేదాకా పోస్తూనే ఉంటాను. ఉండమని మేం చెప్పేది అలాగే తల్లీ."

ఫైనా ఓపా చటుక్కున లేచి మిషన్ల వైపు తిరిగింది. "చేతులు ఎందుకు ఆగినయి?" అంది.

నేను వెళ్లి మిషను ముందు కూర్చున్నాను. క్లావా పొడగరి, ఆ స్టూలు కూడా తనకు సరిపడా ఎత్తున్నదే. మడమ ఆనక కాలివేళ్లతోనే పెడల్ తొక్కాను. కుట్టు తిన్నగా సాగిపోయింది, నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది. సాయంత్రం గంట కొట్టేదాకా నానమ్మ ఆ కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడను వెళ్లమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.