కొత్తవే మొరాయించాయి

అత్తగారి కుట్టు కార్ఖానాలో ఆరు కంప్యూటర్లున్నాయి. నాలుగు పాతవి, రెండు కొత్తవి. ఆసుపత్రుల్లో నర్సులు వేసుకునే గౌన్ల కొలతలు ఇస్తే, గుడ్డను ఎక్కడ ఎలా కత్తిరించాలో తెర మీద గీసి చూపించే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉంది. దాన్ని రాసింది చిన్నకోడలు.

పాతవాటిలో అది నల్లేరు మీద బండిలా సాగిపోతుంది. కొత్తవాటిలో మాత్రం నెల రోజులుగా, అరగంట తిరక్కుండానే బిగుసుకుపోతోంది. మౌసు కదలదు, మీట నొక్కితే పలకదు. సగం గీసిన గౌను ఒంటి చేత్తో తెర మీద అలాగే నిలబడిపోతుంది.

“నీ ప్రోగ్రాముకి పెద్దవాళ్లంటేనే గౌరవంలా ఉందే అమ్మాయ్,” అంది అత్తగారు.

కోడలికి తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజుల పాటు తను రాసిన ప్రతి వరసనూ దువ్వెనతో దువ్వినట్టు వెతికింది. ఒక్క పేను కూడా రాలలేదు. ఐదో రోజు ఆఫీసుకు సెలవు పెట్టి నేరుగా కార్ఖానాకే వచ్చింది. మర్నాటికల్లా పదకొండు సైజుల గౌన్లు గీసి కత్తెరకు పంపాలి.

ముప్పయ్యేళ్లుగా సుద్దముక్కతో గీస్తున్న కటింగ్ మాస్టారు ఆమెను చూసి నవ్వాడు. “నా సుద్దముక్క ఎప్పుడైనా బిగుసుకుపోయిందా తల్లీ? మహా అయితే విరుగుతుంది. అప్పుడు రెండు ముక్కలూ గీస్తాయి!”

కొత్త కంప్యూటర్ల పెట్టెలకు దుమ్ము పట్టకుండా అత్తగారు తొడుగులు కుట్టింది. లోపల దూది, పైన నీలం గళ్ల గుడ్డ, అంచుకు పైపింగు, తీగలు బయటికి రావడానికి చేత్తో కుట్టిన కాజాలు.

“ఎంత బావున్నాయత్తయ్యా!” అంది కోడలు, మనస్ఫూర్తిగానే. తర్వాత చీర కొంగు దోపుకుని పనిలోకి దిగింది. “ముందు చోట్లు మార్చి చూద్దాం. జబ్బు మనిషిదో మంచానిదో తెలియాలిగా.”

మోయడానికి వీలుగా తొడుగులు తీసి, కొత్తవాటిని పాతవాటి బల్లల మీదికి, పాతవాటిని కొత్తవాటి బల్లల మీదికి మార్చారు. అన్నింటిలోనూ పెద్ద సైజు గౌను గీయమని పెట్టింది కోడలు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఒక్కటీ ఆగలేదు. ఆమెకు సంతోషం బదులు దిగులు పట్టుకుంది. డాక్టరు వచ్చేసరికి రోగి మంచం దిగి గంతులేసినట్టుంది వ్యవహారం.

భోజనానికి వెళ్లి వచ్చేసరికి రెండు కొత్తవీ కొయ్యబారి ఉన్నాయి.

“ఇక్కడికెవరైనా వచ్చారా?”

“ఎవరొస్తారు? నేనే వచ్చా,” అంది అత్తగారు. “పాపం, బోడిగా ఉన్నాయని తొడుగులేసి వెళ్లా.”

కోడలు తొడుగు కిందికి చెయ్యి పోనిచ్చింది. పెట్టె ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. లోపలి వేడి బయటికి పోయే కన్నాలన్నీ దూది కింద పూడుకుపోయాయి. ఉత్తరాలు టైపు చేస్తే అంత వేడి పుట్టదు. గౌన్లు గీయడం బరువు పని. ఆ వేడికి తట్టుకోలేక యంత్రం చేతులెత్తేస్తోంది.

కారణం దొరికింది కానీ చెప్పడమెలా? చేత్తో కుట్టిన ఆ కాజాల మీద ఒకసారి వేలు రాసింది.

“అత్తయ్యా,” అంది చివరికి, “వీటికి ఉక్కపోస్తోంది.”

“కంప్యూటరుకి ఉక్కేమిటే?”

“మీరే చెయ్యి పెట్టి చూడండి.”

అత్తగారు పెట్టింది. “అమ్మో!” అని వెనక్కి లాక్కుంది. మాస్టారు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

“అయితే ఇన్నాళ్లూ ఊరికే తిట్టానన్నమాట.”

“పర్లేదత్తయ్యా.”

“నిన్ను కాదులే. ప్రోగ్రాముని.”

తొడుగులు లాగేసి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టారు. ఒకటి హాయిగా గీసుకుపోయింది. రెండోది పావుగంటకే బిగుసుకుపోయింది. పొద్దున తొడుగు లేకుండా బాగానే నడిచింది కదా! తప్పు తన రాతలోనే ఉందేమోనని కోడలు మళ్లీ తెరలోకి తల దూర్చబోయింది.

“ఆగవే,” అంది అత్తగారు, పెట్టె మీదికి వంగి చెవి ఒగ్గుతూ. “పక్కది గుర్రుమంటోంది. దీని గొంతేదీ?”

నిజమే, అది మూగనోము పట్టినట్టుంది. కోడలు కరెంటు ఆపి, మరలు విప్పి మూత తీసింది. లోపలి ఫ్యాను ఇరుసుకు నీలం దారం చుట్టుకుని ఉంది. తొడుగు కాజా నుంచి ఊడిన పోగును గాలితో పాటు లోపలికి లాక్కుంది కాబోలు.

“జరుగు,” అంది అత్తగారు. కుట్టుమిషన్ల దగ్గర వాడే సన్న పట్టకారు తెచ్చింది. “తిరగాల్సింది తిరగడం లేదంటే ముందు దారం చిక్కిందేమో చూడాలి. అది మా కుట్టు బళ్లో మొదటి పాఠం.” మూరెడు దారాన్ని తెగకుండా, రెక్కలకు దెబ్బ తగలకుండా ఓపిగ్గా బయటికి లాగింది. కోడలు వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది.

పొద్దు గుంకేలోపు పదకొండు సైజులూ కత్తెర బల్ల మీదికి చేరాయి. ఆఖరి గౌనుకు చంకల దగ్గర అరంగుళం వదలమని మాస్టారు చెప్తే, కోడలు అక్కడికక్కడే దిద్ది చూపించింది. ఆయన రెండుసార్లు టేపు పెట్టి కొలిచి కత్తెర అందుకున్నాడు.

ఆ పూట ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు కథంతా చెప్పింది. తొడుగుల సంగతి చెప్పినంత సేపూ గొంతు కాస్త తగ్గింది గానీ, దారం దగ్గరికొచ్చేసరికి చేతులు గాల్లోకి లేచాయి. మావగారు నమ్మీ నమ్మనట్టు కోడలి వైపు చూశాడు. “నిజమేనా అమ్మా?”

“నిజం మావయ్యగారూ. చిక్కు తీసింది అత్తయ్యే.”

అత్తగారు ఆమె వైపు చూడకుండానే, అడగకుండానే, కోడలి కంచంలో మారు వడ్డించింది.