పద్నాలుగో పేజీ, మూడువందల డెబ్బయ్యో పేజీ

రిటైరైన రైలు గార్డు ఒకాయన తన జీవితకథను ఏడు నోటుబుక్కుల్లో రాసుకుని, గుడ్డసంచిలో వేసుకుని టైపింగ్ సెంటరుకు తెచ్చాడు. అక్కడి టైపిస్టు నలభై దాటిన ఆడమనిషి. మాట తక్కువ, చెయ్యి జోరు. ఆయన రోజూ పదింటికి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని, ఆమెకు అర్థం కానిచోట చదివిపెట్టేవాడు.

"నా రాత కోడి గెలికినట్టుంటుందమ్మా" అనేవాడు నవ్వుతూ.

"మీ కోడి నయం బాబాయ్‌గారూ. నేను డాక్టర్ల కోళ్లతో వేగాను" అనేది ఆమె.

నాలుగు నెలల్లో ఆరు పుస్తకాలు అయ్యాయి. ఏడోది సగానికి వచ్చిన రోజు ఆయన రాలేదు. టైపు చేస్తూ చేస్తూ ఆమె ఆగిపోయింది. చిన్నప్పుడు కాలువలో పడి చనిపోయిన ఆయన చెల్లెలి సంగతి మళ్లీ వచ్చింది. మొదట్లో వేరేలా చదివినట్టు గుర్తు. ఫైలు పైకి వెళ్లి వెతికితే పద్నాలుగో పేజీలో దొరికింది. కిందికి వచ్చేసరికి పైది మనసులో నిలవడం లేదు. విసుగెత్తి, తెరను రెండుగా విడగొట్టే స్ప్లిట్ నొక్కింది. తెర మధ్యలో అడ్డంగా గీత పడింది. పై సగంలో పద్నాలుగో పేజీని, కింది సగంలో మూడువందల డెబ్బయ్యో పేజీని నిలబెట్టి చదివింది.

పైన ఇలా ఉంది: 'చెల్లిని చూసుకోమని అమ్మ అక్కకు చెప్పి వెళ్లింది. అక్క ఆటలో పడింది. చెల్లి ఒక్కతే కాలువకు వెళ్లింది. నేను బడిలో ఉన్నాను.'

కింద ఇలా ఉంది: 'ఆ రోజు నేను బడి ఎగ్గొట్టాను. నా చెప్పు కాలువలో పడితే, అందుకోమని చెల్లిని దింపింది నేనే. అది కేక వేసింది. నేను పారిపోయాను.'

మర్నాడు ఆయన రాగానే తెర చూపించింది. "ఎక్కడో తేడా వచ్చిందండీ. ఏది ఉంచమంటారు?"

"రెండూ ఒకేసారి కనబడతాయా ఇందులో?"

"ఫైలు ఒకటేనండీ. కావలసిన చోట్లు రెండూ పెట్టుకుని చూడొచ్చు."

ఆయన కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మొదటి పుస్తకం నాటికి అమ్మ బతికే ఉంది. రాసిందల్లా చదివి వినిపించమనేది. కిందది ఆవిడ పోయాక రాశాను."

"మరి అక్కగారు?"

"ఈ ఊళ్లోనే ఉంది. అప్పటికి తనకి పదకొండేళ్లు. ఆఖరి రోజుల్లో కూడా అమ్మ తన చేతి నీళ్లు తాగలేదమ్మా. ఆ గ్లాసు నేనే అందుకుని పట్టాను. అప్పుడూ నోరు విప్పలేదు."

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుంది.

"పైది తీసెయ్యి. తీసేముందు రెండూ ప్రింటు చెయ్యి. అక్కకి చూపించాలి" అన్నాడు.

మూడు రోజుల తర్వాత వచ్చాడు. మనిషి ఒక్కసారిగా నీరసించిపోయాడు.

"చదివింది. తిట్టలేదు. 'అమ్మకి చెప్పావా?' అంది. లేదన్నాను. 'అయితే నాకెందుకురా ఇప్పుడు?' అని తలుపేసుకుంది."

పుస్తకం పూర్తయింది. బైండు చేయించిన ప్రతుల్లో ఒకటి అక్క కోసమని టైపిస్టు దగ్గరే ఉంచాడు. "మా అక్క గుమ్మంలో నీ చిరునామా రాసి పెట్టొచ్చాను. నా చేత్తో ఇస్తే తీసుకోదు."

రెండు వారాలకు ఒక మధ్యాహ్నం ఆయన అక్క వచ్చింది. బక్కపల్చటి మనిషి. పుస్తకం ఇవ్వబోతే వద్దంది.

"అందులో చెల్లి గురించి ఎక్కడెక్కడ ఉందో చూపిస్తావా? అరవైయేళ్లూ ఆ పిల్ల పేరెత్తితే అమ్మ నన్ను ఇంట్లోంచి బయటికి పొమ్మనేది. ఏడవడానికి కూడా నాకు వీల్లేకపోయింది."

టైపిస్టు వెతికి పదకొండు చోట్లు తీసింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్కటే చదివింది. రైలు కూతకు చెల్లి చెవులు మూసుకుని తనే కూత వేసేదన్న చోట పకాలున నవ్వింది. ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. ఇద్దరు గిరాకీలు వచ్చి, గుమ్మంలోనే ఆగి వెళ్లిపోయారు.

లేచేటప్పుడు ఆవిడ మొహం తుడుచుకుని, "నేనొచ్చానని వాడికి చెప్పకు తల్లీ" అంది.

మర్నాడు గార్డు వచ్చాడు. "అక్క ఏమన్నా వచ్చిందా అమ్మా?"

"లేదండీ" అంది టైపిస్టు. తల ఎత్తలేదు.