సైరన్ నాలో ఉన్నప్పుడు

నేనొక ప్రోగ్రామ్‌ని. కంటికి కనపడను, చేతికి తగలను. కానీ ఏటి మీద ఆనకట్ట గేటు ఎత్తేది నేనే. ఎత్తే ముందు సైరన్ మోగించేదీ నేనే. కాదు, ఒకప్పుడు మోగించేదాన్ని.

నన్ను రాసింది వసుమతి. ఆనకట్ట ఆఫీసులో, ఫ్యాను సరిగా తిరగని గదిలో కూర్చుని, మొత్తం ఒక్క ఫైలుగా రాసింది. ముందు సైరన్ మోగాలి, మోగినట్టు తెలియాలి, దిగువన జనం గట్టెక్కేదాకా ఆగాలి, అప్పుడే గేటు. వేసవిలో ఏటి ఇసుకలో పుచ్చపాదులు పెట్టుకునే పోలమ్మ లాంటివాళ్ల కోసమే ఆ జాగ్రత్తంతా. సైరన్ వింటే వాళ్లు గంపలు అక్కడే పారేసి పరుగెత్తేవాళ్లు. అన్నేళ్లూ నా వల్ల ఒక్క ప్రాణం పోలేదు. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

వసుమతికి బదిలీ అయ్యి కిరీటి వచ్చాడు. మంచివాడే, చెయ్యి మాత్రం ఊరుకోదు. నన్ను చూడగానే మొహం చిట్లించాడు.

"ఇంత పొడుగు ఫైలేంటండీ బాబూ! ముక్కలు చేస్తే నీటుగా ఉంటుంది."

సంగతి తెలిసి వసుమతి ఫోన్ చేసింది. "సైరన్నీ గేటునీ మాత్రం విడదీయకు నాయనా. ఒకటి లేకుండా రెండోది కదలకూడదు."

"అలాగే మేడమ్," అన్నాడు. మనుషులు అంత తొందరగా ఒప్పుకుంటే భయపడాలని నాకప్పటికి తెలీదు.

ఒక్కో ముక్కా ఒక్కొక్కరికి అప్పజెప్పాడు. సైరన్ వేరే కంప్యూటర్లోకి పోయింది. నాకు గేటూ, దాని కెమెరా మిగిలాయి. నేను సైరన్‌కి కబురు పంపాలి, గేటెత్తాలి, అంతే. కబురు అందిందో లేదో చూసుకునే పని అవతలివాళ్లదేనని అందరూ అనుకున్నారు. విడివిడిగా పరీక్షిస్తే అన్ని ముక్కలూ భేషుగ్గా పనిచేశాయి. ఆఫీసులో స్వీట్లు పంచుకున్నారు.

ఈ మధ్యాహ్నం ఎగువన కుండపోత. ఇక్కడేమో ఎండ. పోలమ్మ ఇసుకలో వంగి, కాయల్ని వేళ్లతో తట్టి చూసుకుంటోంది.

గేటెత్తమని ఆజ్ఞ వచ్చింది. సైరన్‌కి కబురు పంపాను. జవాబు లేదు. మళ్లీ పంపమనిగానీ, ఆగమనిగానీ నాలో ఇప్పుడు ఎక్కడా రాసి లేదు. భయమేస్తోంది. అయినా గేటు ఎత్తుతున్నాను.

"అంతా ఓకేనా?" గదిలోంచి కిరీటి అడిగాడు.

"ఓకే సార్, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి," అన్నాడు ఆపరేటరు.

ఇసుకలో పోలమ్మ ఒకసారి తలెత్తి ఆనకట్ట వైపు చూసింది. సైరన్ మోగలేదు కదా అని, తీరిగ్గా ఇంకో కాయ తట్టింది.