గురక పెట్టిన ఆదిగురువు

రాతప్రతుల గదిలో పనిచేసే పండితుడి దగ్గరికి ఒకరోజు ఆదిగురువు సంఘం పెద్దాయన వచ్చాడు. పదిహేను వందల ఏళ్ల కిందట తమ గురువు నిజంగా ఈ నేల మీద బతికాడని సాక్ష్యాలతో తేల్చి రాసివ్వాలట.

"అదంతా కట్టుకథని ఎవరెవరో అంటున్నారండీ. మీరొక్క మాట రాసిస్తే నోళ్లు మూతపడతాయి."

పండితుడు మూడు నెలలు దుమ్ము తిన్నాడు. గురువును పొగిడే గ్రంథాలు ఐదు దొరికాయి. ఆయన నది మీద నడిచాడని ఐదూ చెప్పాయి. సంబరంగా ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు. అక్క ముప్పయ్యేళ్లు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు కొట్టి రిటైరైన మనిషి.

"ఒకే సంగతి చెప్పారా, ఒకే మాటల్లో చెప్పారా?" అంది, బట్టలు మడతపెడుతూ.

"అక్షరం పొల్లుపోలేదే!"

"అయితే ఐదుగురు కాదురా, ఒక్కడే. మిగతా నలుగురూ చూసి రాశారు. తప్పులు వెతుకు. కాపీ కొట్టినవాడు తప్పు దగ్గరే దొరుకుతాడు."

వెతికాడు. అన్నిటికన్నా పాత ప్రతిలో లేఖకుడు కునుకుపాటున 'నది' అన్న మాట రెండుసార్లు రాశాడు. మిగతా నాలుగింటిలోనూ గురువు 'నది నది మీద' నడిచాడు. ఒక వ్యాఖ్యాత అయితే అవి రెండు నదులని అర్థం చెప్పి, రెండోదానికి పేరు కూడా పెట్టేశాడు. పైగా ఆ పాత ప్రతి పుట్టిందే గురువు పోయిన నాలుగు వందల ఏళ్లకి.

పండితుడు నీరుగారిపోయాడు.

"గిట్టనివాళ్లు రాసినవి చూశావా?" అంది అక్క.

"తిట్టుంటారు కదే."

"తిట్టనీ. ఎదురుపక్షం వాడు ఒప్పుకున్నదానికి విలువెక్కువ."

ప్రత్యర్థుల గ్రంథం ఒకటి దొరికింది. గురువు కాలంలోనే, వాదానికి కూర్చున్నవాడే రాసింది. "మా వాదం సగంలో ఉండగా వాళ్ల గురువు గురక పెట్టాడు. లేపితే, 'మీరన్నదే నిజం కావచ్చు' అని మళ్లీ పడుకున్నాడు. పోతూ పోతూ నా చెప్పులేసుకుపోయాడు."

దానికి శిష్యుడొకడు రాసిన జవాబు మరో కట్టలో ఉంది. "అది గురక కాదు, ధ్యానం. చెప్పుల సంగతి మాత్రం నిజమే. తిరిగి పంపుతున్నాం, మన్నించండి."

"ఇద్దరికీ పడదు, అయినా చెప్పుల దగ్గర కలిశారు. ఇంకేం కావాలిరా నీకు!" అంది అక్క.

పండితుడు ఇదంతా రాసి పెద్దాయనకు కాగితాలిచ్చాడు. పెద్దాయన ఆసాంతం చదివాడు.

"మరి నది?"

"నదికి సాక్ష్యం లేదండీ. గురకకి ఉంది."

పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"అంటే ఉన్నాడన్నమాట," అన్నాడు. "ఎవరెవరో అనడం కాదండీ, అనుమానం నాదే. ఇరవయ్యేళ్లుగా ఉంది. ఈ పదవిలో కూర్చుని ఎవరికి చెప్పుకోను?"

ఆ వారం సభలో ఆయన రెండు రాతలూ పైకి చదివాడు. కార్యవర్గంలో ఇద్దరు అలిగి లేచిపోయారు. మిగిలినవాళ్లు ముందు బిత్తరపోయి, తర్వాత పడీపడీ నవ్వారు. అందరూ వెళ్లాక ఒక ముసలావిడ పెద్దాయన దగ్గరికొచ్చింది.

"ఇన్నాళ్లూ ఆయన్ని ఏదన్నా అడగాలంటే భయమేసేది నాయనా. ఇవాళ కాస్త చనువొచ్చింది" అని, మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పుకోవడానికి గురువు పటం ముందు కూర్చుంది.