లేని కాలి నాడి

"మెట్లు దిగొద్దని మొన్న చెప్పాను, నిన్న చెప్పాను!" వంటింట్లోంచి వెర్నా అరిచింది.

"ఉల్లిపాయలు వాటంతటవి పైకి రావుగా," నేలమాళిగలోంచి ఎమిల్ జవాబిచ్చాడు.

"నన్నడిగితే తేనూ?"

"నిన్నడిగితే ముందు ఉపన్యాసం వస్తుంది, ఆ తర్వాత ఉల్లిపాయ."

ఎడమకాలు ముందు మెట్టు మీద వేసి, కుడికాలిని బరువైన సంచిలా వెనకాల లాక్కుంటూ ఎమిల్ పైకి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు బస్సుల కింద పడుకుని మరమ్మతులు చేసినవాడు. కుడి తుంటి అరిగిపోయింది. మే పంతొమ్మిదిన ఆపరేషన్. ఖర్చు భరించేది వెర్నా ఉద్యోగంతో వచ్చే బీమా. అరవై అయిదు నిండిన వాళ్ళకి ప్రభుత్వమిచ్చే బీమా అతనికి అందాలంటే ఇంకా రెండేళ్ళు ఆగాలి.

ఉల్లిపాయలు బల్ల మీద పెట్టి, ఎక్కడో చూస్తూ అడిగాడు. "ఆ కాగితం మీద సంతకం పెట్టావా?"

"సాయంత్రం దాకా గడువుంది."

"గడువెప్పుడని అడగలేదు నేను."

"పెట్టలేదు," అంది వెర్నా, ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటూ. "నువ్వు కూర్చో. నిలబడితే ఆ తుంటి కంటే ముందు నా ఓపిక అరిగేట్టుంది."

వెర్నా హుడాక్‌కి యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి. కూర్చుని చేసే పని వల్ల నడుము వెడల్పయింది, కుడి చూపుడువేలు కణుపు దగ్గర వాచి కాస్త పక్కకి తిరిగింది. నది ఒడ్డు క్లినిక్‌లో, బాయిలరు పక్కన కిటికీ లేని గదిలో, పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని చదవడం. పైన డాక్టర్లు రోగుల్ని చూసి, చూసింది రాస్తారు. ఆ రాత చదివి, చేసిన వైద్యం ఎంత బరువైనదో ఆమె తేలుస్తుంది. రెండు నుంచి అయిదు దాకా అంకెలు. మామూలు జలుబుకి రెండు, ప్రాణం మీదికొచ్చిన చిక్కుకి అయిదు. జబ్బు చిన్నదైనా, డాక్టరు రోగితో ఎక్కువసేపు గడిపితే ఆ సమయాన్ని బట్టీ అంకె పెరుగుతుంది. బిల్లు ఆ అంకెని బట్టే. ఆ గదిలో చెల్లే సూత్రం ఒక్కటే: రాయనిది జరగనట్టే.

ఒకప్పుడు నలుగురుండే గదిలో ఇప్పుడు ఆమె ఒక్కతే. నిరుడు క్లినిక్‌ని ఒక పెద్ద సంస్థ కొనేసింది. వచ్చే సోమవారం నుంచి అంకె డాక్టరే వేసుకుంటాడు. కింద 'సరిచూసినవారు' అన్నచోట వెర్నా పేరు దానంతటదే పడుతుంది. దానికి ఒప్పుకుంటున్నానని సంతకం చెయ్యాలి.

డాక్టరు అంకె వేసుకోవడం గురించి ఆమెకి పేచీ లేదు. రోగి మొహం చూసేది ఆయనే. తను చదవనిదాన్ని చదివానని తన పేరు చెప్పడమే ఆమెకి మింగుడు పడటం లేదు.

పదిన్నరకి డాక్టర్ ఏకర్స్ రాసిన పుట తెర మీదికొచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చక్కెర జబ్బు. 'రెండు పాదాలూ పరీక్షించాను. రెండింటా నాడి చక్కగా అందుతోంది.' అంకె నాలుగు.

వెర్నా కళ్ళజోడు సర్దుకుంది. అదే రోగి పాత చరిత్రలో, మూడో పుటలో, పదకొండేళ్ళ కిందట ఎడమకాలు మోకాలి కింద తీసేశారని ఉంది. కాగితం చెప్పక్కర్లేదు కూడా. అగ్నిమాపక కేంద్రం హాల్లో శుక్రవారం చేపల విందు జరిగినప్పుడల్లా, ఊతకర్ర గోడకి ఆనించి, గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపేది ఆ మనిషే. ఆమె ఒక్కతే నవ్వుకుంది. తర్వాత ఆ వారం పుటలన్నీ తీసింది. పాదాల గురించి అదే వాక్యం, అవే మాటలు, పదిహేడు మందికి. కంప్యూటరు ముందే నింపి పెడుతోంది, డాక్టరు చెరపడం లేదు. నవ్వు పోయింది.

మధ్యాహ్నం డాక్టర్ ఏకర్స్ సగం తిన్న సాండ్‌విచ్‌తో కిందికి దిగాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కళ్ళకింద నల్లగా ఉంది.

"మళ్ళీ నా అంకె తగ్గిస్తున్నారా వెర్నా?"

"లేని కాలికి నాడి చూశారు డాక్టర్‌గారూ. మీ చెయ్యి గొప్పది."

ఆయన తెర మీదికి వంగి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అది యంత్రం వేసింది. కానీ మీరు ఆ గదిలో లేరు. ఆయన భార్య పోయింది. మందులు మానేశాడు. ఏడుస్తుంటే నలభై నిమిషాలు పక్కన కూర్చున్నాను, మందులన్నీ మళ్ళీ మొదటినుంచీ సరిచేశాను. ఆ ఏడుపు మీ గళ్ళలో ఎక్కడ పడుతుంది?"

"నేను లేను. అందుకే మీరు రాస్తే చదువుతాను. ఈ నలభై నిమిషాలూ ఏవి ఇందులో?"

"టైమెక్కడిది రాయడానికి? రోజుకి పాతికమంది."

"పాదాలు చెరపండి. ఇప్పుడు నాతో చెప్పింది ఉన్నదున్నట్టు రాయండి. నలభై నిమిషాలకి నాలుగు కాదు, అయిదు వస్తుంది. నా చేత్తో నేనే వేస్తాను."

డాక్టరు నమలడం ఆపాడు. "నిజం రాస్తే పెరుగుతుందా?"

"ఒక్కోసారి. ఇదే పాదాల వాక్యం పడ్డ మిగతా పదహారు మందికీ తగ్గుతుంది."

ఆయన నిలబడే టైపు చేశాడు. మూడు వాక్యాలు. వెర్నా చదివి అయిదు వేసింది. మిగతా పదహారింటి మాట ఎత్తకుండా ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి మేనేజరు డార్లీన్ వచ్చింది. వెర్నాకి పని నేర్పింది డార్లీనే. ఆ పదహారు పుటలూ వెర్నా వెనక్కి పంపిన సంగతి అప్పటికే పైకి తెలిసింది.

"ఇవాళ నువ్వే కదా అంకె పెంచావు. మరి ఇంకేంటి నీ బాధ?"

"చదివాను కాబట్టి పెంచాను. సోమవారం నుంచి నేను చదవను, నా పేరు చదువుతుంది."

"సంతకం చెయ్యకపోతే నీ కుర్చీ ఉండదు వెర్నా. ఎమిల్ ఆపరేషన్ సంగతి చూసుకో. ఎవరు చూస్తారు ఆ పేరుని?"

"నేను చూస్తాను. నాకు కళ్ళున్నాయి, వాటితోనే ఇన్నాళ్ళూ బతికాను. డాక్టర్లే వేసుకోమను, సంతోషం. కింద వాళ్ళ పేరే పెట్టుకోమను. నా పేరు మీద మాత్రం లేని కాళ్ళు నడవవు."

డార్లీన్ తలుపు దగ్గరికి వేసింది. "పైవాళ్ళకి ఏం చెప్పను?"

"చదవడం వచ్చిన మనిషి వెళ్ళిపోయిందని చెప్పు."

వెర్నా తన ఫ్లాస్కునీ మందుల పెట్టెనీ సంచిలో వేసుకుంది. తాళం చెవి డార్లీన్ చేతిలో పెట్టింది. గది దీపం ఆర్పి మెట్లెక్కింది. అయిదింటికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

రాత్రి భోజనానికి క్యాబేజీ నూడుల్స్. తపాలా బట్వాడా ముగించుకుని కూతురు టెస్సా వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ అత్తగారు ఓల్గా అప్పటికే ఫోర్కు పట్టుకుని కూర్చుంది.

"మానేశాను," అంది వెర్నా, గిన్నె ఎమిల్ వైపు జరుపుతూ. "ఈ నెలాఖరు దాకానే బీమా. మేలో నీ ఆపరేషన్ జరగదు. కొత్త బీమా కొంటాను, దాంట్లో ఆ సర్జన్ ఉంటాడో ఉండడో తెలీదు."

ఎమిల్ ఫోర్కు కింద పెట్టాడు. "ఎందుకో చెప్పు."

"చెప్పలేను. రోగుల సంగతి."

పంతొమ్మిదేళ్ళలో ఏ రోగి పేరూ ఆ బల్ల దాకా రాలేదు. ఎమిల్‌కి అది తెలుసు. కుడి తొడ మీద అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు నొక్కుకున్నాడు.

"నాకు నొప్పిగా ఉంది వెర్నా," అన్నాడు. అలా ఎప్పుడూ అనలేదు.

"తెలుసు."

"తెలిసీ మానేశావు."

"తెలిసే మానేశాను."

"దీన్ని చేసుకుంటానంటే అప్పుడే చెప్పాను, మొండిదిరా అని," అంది ఓల్గా నములుతూ. "విన్నావా?"

"మొండిదని చెప్పావు కాబట్టే చేసుకున్నానమ్మా." ఎమిల్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "బస్సుల కింద ముప్ఫై ఏళ్ళు ఓర్చుకుంది ఈ తుంటి. ఇంకొన్నాళ్ళు తిట్టుకుంటూ ఓర్చుకుంటుంది. నిన్నే తిడుతుంది, ముందే చెప్తున్నా."

"తిట్టనీ."

"మరి నువ్వేం చేస్తావమ్మా?" అని టెస్సా అడిగింది.

వెర్నా తన పళ్ళెంలో వడ్డించుకుంది. గొంతు పెంచలేదు.

"రేపు శనివారం. అగ్నిమాపక కేంద్రం హాల్లో ఒక బల్ల ఇమ్మని ఇంటికొస్తూ అడిగాను, ఇస్తామన్నారు. ఇకమీద ప్రతి శనివారం పొద్దున అక్కడ కూర్చుంటాను. ఎవరి బిల్లు వాళ్ళు తెచ్చుకుంటే చదివిపెడతాను. ఏ అంకె ఎందుకు పడిందో చెప్తాను. తప్పుగా పడితే ఎవరికి ఉత్తరం రాయాలో కూడా చెప్తాను."

ఓల్గా ఉప్పు అందుకుంది.

క్లినిక్ నేలమాళిగలో దీపం ఆర్పిన ఆ గదిలో, మోచేతుల దగ్గర పలచబడిన వెర్నా గోధుమరంగు స్వెటరు కుర్చీ వీపుకి వేలాడుతోంది, భుజాలింకా ఆమె భుజాల్లాగే వంగి.